అట్టపెట్టెల కింద కుర్చీ

డేగు నగరంలోని ఒక పెద్ద డిపార్ట్‌మెంట్ స్టోర్ నేలమాళిగలో వండిన కూరలు, ఊరగాయలు అమ్మే కౌంటరు ఉంది. దాని వెనక పొద్దున్నుంచి రాత్రి తలుపులు మూసేదాకా మాల్‌సూన్ నిలబడి ఉండేది. ఆమె వెనకాలే ఒక కుర్చీ ఉండేది. నిలబడి పనిచేసేవాళ్ళకు కుర్చీ వెయ్యాలని చట్టం వస్తే స్టోరువాళ్ళు బుద్ధిగా వేశారు, కూర్చోమని మాత్రం ఏనాడూ అనలేదు. కూర్చున్నవాళ్ళు ఎన్నాళ్ళుంటారో అందరికీ తెలుసు కాబట్టి, ఆ కుర్చీ మీద ఖాళీ అట్టపెట్టెలు దర్జాగా కూర్చునేవి.

మాల్‌సూన్ నీళ్ళు తాగడం ఎప్పుడో మానేసింది. కస్టమర్ల బాత్రూములోకి పనివాళ్ళు వెళ్ళకూడదు, పనివాళ్ళది గోదాము అవతలెక్కడో ఉంది. అంతదూరం వెళ్ళొచ్చేలోపు కౌంటరు ముందు నలుగురు పోగవుతారు. అందుకని గొంతు తడిసేంత తాగి ఊరుకునేది. తిండి కూడా అలాగే ఏడిసింది. ఎదుట పళ్ళేల్లో పాలకూర, మొలకలు, ముల్లంగి, పుట్టగొడుగులు నిగనిగలాడుతుండేవి. అవి అమ్మకానికి. ఆమెకు దక్కేది సాయంత్రానికి మిగిలిన ఊరగాయ, అడుగంటిన ఎర్రపులుసు. చల్లారిన అన్నం ఆ పులుసులో కుమ్మరించి, గోదాములో గోడకు ఆనుకుని, ఉప్పుచుక్క కూడా వదలకుండా జుర్రేసి వచ్చేది. కడుపు రోజుల తరబడి బిగుసుకుపోయినా ఎవరికి చెప్పుకుంటుంది?

ఇక కాళ్ళు. సాయంత్రానికి రెండూ దిమ్మల్లా వాచేవి, పిక్కల మీద నరాలు నీలంగా ఉబ్బి మెలికలు తిరిగేవి. దానికి ఆమె దగ్గర ఒకటే మందు, గుమ్మడికాయ రసం. బాలింతలకు వాపు తీయాలని మా ఇళ్ళలో ముదురు గుమ్మడికాయ ఉడికించి రసం పట్టిస్తారు. మాల్‌సూన్ తన కాన్పులప్పుడు తాగింది, ఇప్పుడు కౌంటరు కోసం తాగుతోంది. పడుకునే ముందు ఒక ప్యాకెట్టు తాగితే తెల్లారేసరికి కాళ్ళు మామూలయ్యేవి. మరి నమ్మకం కుదరదా?

ఆ ఏడాది చూసోక్ అనే పంటల పండగ వారంలో ఎడమకాలు మాట వినలేదు. కుడికాలి వాపు మామూలుగానే దిగింది. ఎడమది మాత్రం తెల్లారినా అలాగే ఉంది. ముట్టుకుంటే వేడిగా తగిలింది, పిక్కలో ఎవరో లోపల్నుంచి పట్టి పిండుతున్నట్టు నొప్పి. మాల్‌సూన్ రసం రెండు ప్యాకెట్లకు పెంచింది, ఆస్పత్రికి మాత్రం వెళ్ళలేదు. పండగ అవగానే ఆ కౌంటరు నడిపే ఊరగాయల కంపెనీ ఆమె కాంట్రాక్టు పొడిగించాలి. కిందటేడు బియ్యప్పిండి రొట్టెల కౌంటరు మనిషి పండగ ముందు సెలవు పెట్టింది. మళ్ళీ ఆ కౌంటరు వెనక కనిపించలేదు. యాభై ఏడేళ్ళ మనిషిని ఇంకెవరు పెట్టుకుంటారు? ఆ భయంతో మాల్‌సూన్ మందపాటి మేజోడు తొడిగి కాలు దాచేసింది.

ఎదురుగా తోఫూ అమ్మే యంగ్‌రాన్ కళ్ళు మాత్రం కప్పలేకపోయింది.

“అక్కా, ఆ ఎడమకాలేంటి, పక్కింటావిడది తెచ్చి అతికించుకున్నట్టుంది?”

“రసం తాగుతున్నాలే. పండగ పోనీ.”

“రెండూ వాస్తే నిలబడినందుకనుకుందాం. ఒక్కటే ఎందుకు వాచింది? మా అత్తకీ ఇలాగే వాస్తే నరంలో రక్తం గడ్డకట్టిందన్నారు. అది పైకి పాకిందంటే ఊపిరి ఆగిపోతుందట. ఇవాళే వెళ్ళు.”

“పండగపూట నీ నోట ఒక్క మంచిమాట రాదుటే?” అని మాల్‌సూన్ కసిరింది కానీ, ఆ మాట రోజంతా ఆమె గుండెల్లో గుచ్చుకుంటూనే ఉంది.

పండగ ముందురోజు పొద్దున తలుపులు తెరిచే పాట మొదలైంది. ఎవరి కౌంటరు ముందు వాళ్ళు చేతులు కట్టుకుని, వచ్చే కస్టమర్లకు నడుం వంచి దండం పెట్టారు. వంగిన మాల్‌సూన్ తిరిగి లేచేసరికి ఊపిరి అందలేదు. ఛాతీలో ఏదో పొడిచినట్టయింది. ముఖాన చెమటలు పట్టాయి. అయినా నవ్వు చెదరనివ్వలేదు, మొండి ఘటం. పెద్దల పూజకు అట్లూ కూరలూ కొనేవాళ్ళు ఎగబడ్డారు. ఈ ఒక్కపూట, ఈ ఒక్కపూట గట్టెక్కితే చాలని లోపల మొక్కుకుంటూ పాలకూర తూచింది. తూకం మిషను మీద అంకెలు అలుక్కుపోయాయి. చేతిలోని గరిటె జారి పళ్ళెంలో పడింది.

ఆ చప్పుడుకు యంగ్‌రాన్ తన కౌంటరు వదిలేసి వచ్చింది. కుర్చీ మీది అట్టపెట్టెల్ని కాలితో తన్ని, మాల్‌సూన్ భుజాలు పట్టి కూర్చోబెట్టింది. ఆ నేలమాళిగలో పనిచేసే మనిషి కుర్చీలో కూర్చోవడం అదే మొదటిసారి. అంతస్తు మేనేజరు బే ఉరుకుతూ వచ్చి, కస్టమర్లు చూస్తున్నారు, ముందు లోపలికి తీసుకెళ్ళమని గొంతు తగ్గించి చెప్పాడు.

“కూర్చున్న మనిషిని చూపిద్దామా సార్, పడిపోయిన మనిషిని చూపిద్దామా? మీరే చెప్పండి,” అంది యంగ్‌రాన్.

బే మాల్‌సూన్ పెదవులు చూశాడు. నల్లబడుతున్నాయి. వెంటనే అంబులెన్సుకు ఫోన్ చేశాడు.

కాలిలో కట్టిన గడ్డ ముక్క ఒకటి తెగి ఊపిరితిత్తిలో ఇరుక్కుంది. ఇంకాస్త ఆలస్యమైతే దక్కేది కాదని ఆస్పత్రిలో అన్నారు. నాలుగు మాటలు మాట్లాడే ఓపిక వచ్చాక డాక్టరమ్మ ఏం పని చేస్తారని అడిగింది. కూరలు అమ్ముతానంది మాల్‌సూన్.

“మరి మీరేం తింటారు?”

మిగిలిన ఊరగాయ, ఎర్రపులుసు అని చెబుతూ మాల్‌సూన్ తల దించుకుంది. డాక్టరమ్మ మెల్లగా విడమరిచింది. గడ్డను కరిగించేది మందే, ఏ తిండీ కాదు, కాబట్టి మాత్రలు మానకూడదు. కాకపోతే అంత ఉప్పు తింటే ఒంట్లో నీరు నిలిచి కాళ్ళు వాస్తాయి. తాగే నీళ్ళు, పీచున్న కూరలు లేక కడుపు బిగిస్తే, ముక్కీ ముక్కీ కాలి నరాల మీద ఒత్తిడి పెరుగుతుంది. కదలకుండా నిలబడితే అవి ఇంకా ఉబ్బుతాయి. ఇన్నేళ్ళూ తెల్లారేసరికి వాపు దిగింది రసం వల్ల కాదు, కాళ్ళు చాపి పడుకున్నందువల్ల. అది విని మాల్‌సూన్‌కు ఏడుపు ముంచుకొచ్చింది. తన కాళ్ళు అడిగింది కాస్త పడకా, కాసిన్ని నీళ్ళూ. తను పోసింది ఉప్పుపులుసు.

కంపెనీ కాంట్రాక్టు పొడిగించలేదు. ఎవరూ పల్లెత్తు మాట అనలేదు, ఆరోగ్యం చూసుకోమని ఒక బేరిపళ్ళ పెట్టె పంపారు. దాన్ని చూస్తే ఆమెకు ఒళ్ళు మండింది. పళ్ళు మాత్రం తిన్నది, వాటి తప్పేముంది? ఇంట్లో బార్లీ కలిపిన అన్నం వండుకుంది. ఆకుకూరలో ఉప్పు తగ్గించి నువ్వులు దంచి వేసుకుంది. పులుసులో ముక్కలు తిని నీళ్ళు వదిలేసింది. మొదట్లో గడ్డి నమిలినట్టే ఉందని విసుక్కుంది. పోనుపోను నాలుక దారికొచ్చింది. వాగు గట్టున రోజూ నడిచింది.

చలికాలం మొదట్లో ఒకరోజు మాల్‌సూన్ మంచి కోటు వేసుకుని ఆ నేలమాళిగకే వెళ్ళింది. తన కౌంటరు వెనక ఎవరో ముప్పై దాటిన మనిషి ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి బరువు మార్చుకుంటూ నిలబడి ఉంది. పెదవులు ఎండి చిట్లాయి. వెనక కుర్చీ మీద అట్టపెట్టెలు మళ్ళీ చేరాయి.

“పాలకూర కావాలమ్మా. కానీ నువ్వు కూర్చుంటేనే కొంటాను.”

ఆ మనిషి బిత్తరపోయి మేనేజరు వైపు చూసింది. బే అప్పటికే వచ్చి కస్టమరుకు నడుం వంచాడు. తలెత్తాక గానీ ఎవరో పోల్చుకోలేదు. మాల్‌సూన్ కూడా పద్ధతిగా తల వంచింది.

“కస్టమరు అడిగితే కాదనకూడదని మీరే కదా నేర్పించారు, బే గారూ?”

చుట్టూ జనం చూస్తున్నారు. బే తనే వెళ్ళి అట్టపెట్టెలు తీసి కింద పెట్టాడు. ఆ మనిషి కుర్చీ అంచున, ఎవరైనా లేపేస్తారేమో అన్నట్టు కూర్చుంది. మాల్‌సూన్ సంచిలోంచి నీళ్ళసీసా తీసి ఆమె చేతిలో పెట్టింది.

“నిండుగా తాగు. తాగి బాత్రూముకు వెళ్ళిరా. నువ్వొచ్చేదాకా నేనిక్కడ నిలబడతాను. నాకు అలవాటే.”