లెక్కల టీచరుకు ఇరుగుపొరుగు

మా తోటికోడలిని వీధిలో అందరూ లెక్కల టీచరు అనే పిలుస్తారు. ఇరవై ఎనిమిదేళ్లు ఆడపిల్లల హైస్కూల్లో లెక్కలు చెప్పింది. పిల్లల్లేరు. మా మరిది పోయాక కూడా మా పై వాటాలోనే ఉండేది. మాట తక్కువ. సాయంత్రాలు ఇద్దరం చిక్కుడుకాయలు ముందేసుకుని వరండాలో కూర్చుంటే నేను వీధి సంగతులన్నీ చెప్పేదాన్ని, తను ఈనెలు తీస్తూ వినేది. ఐదో తరగతితో బడి మానేసిన నాకు అంత శ్రద్ధగా వినే టీచరు దొరకడం అదృష్టమే మరి.

రిటైరైన ఏడాదికి పేపర్లో ప్రకటన చూసి దరఖాస్తు పెట్టింది. ఎక్కడో పరాయి దేశంలో బళ్లకు లెక్కల టీచర్లు కావాలట. జీతం ఉండదు, గది, తిండి ఇస్తారట. ఒక్క ఏడాది.

"పక్కింటి పెళ్లికి రమ్మంటేనే తలనొప్పి అంటావు, పరాయి దేశం ఎలా వెళ్తావే?" అన్నాను.

"అక్కడైతే పెళ్లిళ్లకు పిలిచేవాళ్లుండరుగా అక్కయ్యా," అంది.

వెళ్లాక, ఆదివారం పొద్దున్నే ఫోన్ చేసేది. అప్పటికి వాళ్లకింకా శనివారం సాయంత్రమే. మూడో అంతస్తులో గది. ఒక మంచం, ఒక బల్ల, వీధివైపు కిటికీ. బడికి వెళ్లడం, రావడం, తలుపు వేసుకోవడం. క్లాసులో పిల్లలు రాళ్లలా కూర్చుంటున్నారట. "అర్థమైందా అంటే తలూపుతారు. పరీక్ష పెడితే అన్నీ సున్నాలే," అని వాపోయింది. వచ్చేస్తానంటుందేమోనని నాకు లోపల్లోపల ఆశ. సిగ్గు లేకుండా చెబుతున్నాను, ఆశే.

అది బయటపడకుండా మాట మార్చాను.

"మీ ఎదురింట్లో ఎవరుంటారు?"

"తెలీదు అక్కయ్యా."

"మూడు వారాలైంది! ఎదురింట్లో ఎవరో తెలీకుండా తిన్నది ఎలా అరుగుతోందే నీకు?"

"ఎవరో ఒకావిడ. కాలికి కట్టుంది. కిటికీ దగ్గర కూర్చుంటుంది."

"కట్టెందుకట?"

"నేనెందుకు అడుగుతాను?"

"కట్టు కళ్లబడ్డాక కూడా అడగలేదూ! నువ్వు మనిషివా, గోడవా?"

వారం తిరిగింది. ఫోన్ ఎత్తగానే మళ్లీ అదే అడిగాను. "మెట్ల మీంచి పడిందట," అంది చప్పున.

"ఎన్నో మెట్టు? ఎవరు లేవదీశారు? ఆసుపత్రికి ఎందులో తీసుకెళ్లారు?"

నాలుగో మెట్టు అంది, కాదు పదోది అంది. జన్మలో తప్పు లెక్క చెయ్యని మనిషి నా పోరు పడలేక అబద్ధమాడింది! నేను పకపకా నవ్వాను. తనకు మాత్రం తల కొట్టేసినట్టయింది. సోమవారం బడి నుంచి వస్తూ ఆ తలుపు తట్టిందట.

బళ్లో ఇంగ్లీషుతో నెట్టుకొస్తున్నా, ఆ ఇంట్లో అది చెల్లదు. నేర్చుకున్న పాతిక ముప్పై మాటలతో, వేలితో కట్టు చూపించి అడిగింది. ఆవిడ రెక్క పట్టుకుని కూర్చోబెట్టి గంటసేపు చెప్పింది. అర్థమైంది పావు వంతు. మొగుడు బస్సు డ్రైవరు. కదులుతున్న బస్సు ఎక్కబోయి జారిపడింది, అదీ మొగుడి బస్సే!

"ఆయన ఆపలేదా?" అన్నాను.

"స్టాపు కాదు కదా అన్నాడట. ఆవిడ ఇప్పటికీ ఆయనతో మాట్లాడటం లేదు అక్కయ్యా."

ఆ మొగుడూపెళ్లాల గురించే రెండు ఆదివారాలు మాట్లాడుకున్నాం.

ఆపైన నేను అడక్కముందే జవాబులు సంపాదించి పెట్టుకునేది. క్లాసులో లెక్కలూ మార్చింది. "బస్సులో పదకొండుమంది ఎక్కారు, నలుగురు దిగారు, డ్రైవరుగారి భార్య ఎక్కలేదు" అని బోర్డు మీద రాస్తే క్లాసంతా గొల్లుమందట. సగంమంది ఆ బస్సులో వచ్చే పిల్లలే. చేతులు లేవడం అప్పుడే మొదలైంది.

ఫోన్లు తగ్గడమూ అప్పుడే. ఒక ఆదివారం డ్రైవరు కూతురికి పురుడు, ఇంకో ఆదివారం పిల్లలతో ఎక్కడికో ప్రయాణం. నేను ఫోన్ ఒళ్లో పెట్టుకుని కాఫీ చల్లారబెట్టుకునేదాన్ని. ఆ తలుపు దగ్గరికి నెట్టింది నేనే కదా అని నన్ను నేనే తిట్టుకున్న రోజులున్నాయి.

పదకొండో నెలలో అడిగింది. "ఇంకో ఏడాది ఉండమంటున్నారు అక్కయ్యా. నువ్వు రమ్మంటే వచ్చేస్తాను."

వచ్చే వారం చెబుతానన్నాను. వారమంతా పై వాటా తాళం తియ్యడం, ఊడవడం, మళ్లీ తాళం వెయ్యడం. "రమ్మనమ్మా, తోచనిది నీకేగా," అన్నాడు మా అబ్బాయి. నిజమే. రమ్మందామనే అనుకున్నాను.

ఆదివారం ఫోన్లో మొహం కనబడేలా చేసింది. వెనక తలుపు బార్లా తెరిచి ఉంది. ఓ పిల్ల చెప్పాపెట్టకుండా లోపలికొచ్చి నోటుపుస్తకం తన ఒళ్లో పడేసింది. నాతో మాట్లాడుతూనే తను పెన్సిలు తీసి ఏదో దిద్ది, వాళ్ల భాషలో ఒక మాట అంది. ఆ పిల్ల ఎదురేదో అంది. తను తల వెనక్కి వాల్చి నవ్వింది. ముప్పై ఏళ్లు ఒకే ఇంట్లో ఉన్నాం, అంత నవ్వు నా మాటలకు ఎప్పుడూ రాలేదు.

"ఉండు," అన్నాను.

"నీకు కష్టంగా ఉండదా అక్కయ్యా?"

"నాకేం! వీధి నిండా జనం."

ఆ సాయంత్రం పక్కింటి దర్జీ ఆవిడ వచ్చి కూర్చుంది. వస్తూనే తన ఆడపడుచు సంగతి ఎత్తుకుని, దీపాలు పెట్టేవేళ దాకా ఆపలేదు. ఊ కొడుతూ కూర్చున్నాను. మా టీచరు ఎలా నవ్విందో ఆవిడకు చెబుదామని రెండుసార్లు నోరు తెరిచాను, సందు దొరకలేదు.