గోడవైపు తిరిగిన తవ్వ

అల్లవరం పళ్లంరాజు గారి గోళ్లలో ఎప్పుడూ ఇత్తడి పొడే, పంచె నిండా ఆముదం మరకలే. కరెంటు రాని ఆ ఊళ్లో ఆయన గాలి ఇంజను చేసేరు. దానికి నీళ్లక్కర్లేదు, ఆవిరక్కర్లేదు. కింద కొబ్బరి డొక్కలు ముట్టిస్తే లోపలి గాలే వేడెక్కి, చల్లారి చక్రాన్ని తిప్పుతుంది. ఊరంతా వచ్చి నోళ్లు వెళ్లబెట్టింది. ఆయన మాత్రం ఇంజన్ని ఒక పక్క గోడకి ఆనించే ఉంచేవారు. ఆ పక్కన భార్య మాణిక్యం పేరుంది మరి! పుట్టింటివారు పేరు చెక్కించి ఇచ్చిన ఇత్తడి తవ్వని, ఆవిడ రోజూ బియ్యం కొలుచుకునేదాన్ని, అడక్కుండా తీసి, కోసి ఈ ఇంజనుకి వేసేసేరు. తవ్వ కనబడక మాణిక్యం అంట్లు తోమే వీరాయమ్మని దొంగని చేసి పని మాన్పించింది. అంత బుర్రున్న మనిషీ ఆ పూట చక్రానికి ఆముదం పోసుకుంటూ కూర్చున్నారు.

ఆర్నెల్లకి ఆ వీరాయమ్మే ఇంజను చూడ్డానికొచ్చింది.

"లోపలికి రా," అన్నారాయన, తలెత్తకుండా.

"వద్దండి బాబూ. గుమ్మంలోంచే చూసి పోతానండి. దేన్నీ ముట్టుకోనండి, ఆయ్!"

ఆ మాటకి ఆయన లేచి, కాలుతున్న ఇంజన్ని రెండు చేతులా పట్టుకుని ఇటు తిప్పేరు. చక్రం ఆగిపోయింది. మాణిక్యం పేరు ఎండలో తళుక్కుమంది.

"మాణిక్యం! నీ తవ్వ కోసింది నేనేనే. వచ్చి చూడు, వీరాయమ్మ ఇక్కడే ఉంది," అని లోపలికి కేకేసేరు.