దుమ్ముకు అలవాటుపడ్డ ఊపిరితిత్తులు

తెలంగాణ రాకముందు మాట. గోదావరిఖని బస్సులో ముందు సీటు పెద్దమనిషి అందరికీ వినిపించేలా బోధిస్తున్నాడు: "ఈ బొగ్గుగని కార్మికులు మూడు తరాలుగా గనుల్లోనే ఉన్నారు. వీళ్ళ ఊపిరితిత్తులు బొగ్గుదుమ్ముకు అలవాటుపడిపోయాయి. ప్రకృతి వరణమంటే ఇదే!"

నాకు ఒళ్ళు మండింది. అలవాటు వారసత్వంగా రాదనీ, బొగ్గుదుమ్ముతో వచ్చే ఊపిరితిత్తుల రోగం పిల్లలు పుట్టాకే చంపుతుంది కనుక ప్రకృతి ఇక్కడ ఎవరినీ ఏరుకోలేదనీ చెప్పబోయాను. నా పక్కన దగ్గుతున్న గని కార్మికుడే ముందు అందుకున్నాడు.

"డాక్టర్లు నన్ను అన్‌ఫిట్ చేసిండ్రు సార్. నా బదులు రేపటి సంది నా కొడుకు గనిల దిగుతడు. వానికి నా నౌకరైతే ఇచ్చిన గాని, గట్టి ఊపిరితిత్తులు ఏడికెల్లి తెచ్చియ్యాలె?"

అంతలో బొగ్గు లారీ ఎదురొచ్చింది. పెద్దమనిషి గబుక్కున రుమాలుతో ముక్కు మూసుకున్నాడు.

"రుమాల్ తియ్యుండ్రి సార్," అన్నాడు కార్మికుడు. "మీ మనుమలకు అలవాటు కావద్దా?"