గుమ్మానికి వేపమండ

మా ఆయన ఓడల్లో వంటవాడు. ఓసారి ఉత్తరాన మంచుదేశంలో ఓ చిన్న పల్లెలో సరుకు దించారట. ఆ ఊరికి రోడ్డు లేదు. డాక్టరు విమానంలో రావాలి, విమానం రావాలంటే మబ్బు విడాలి. వాళ్ల తాతల కాలంలో ఓడ మోసుకొచ్చిన జ్వరానికి ఇళ్లకిళ్లే ఖాళీ అయ్యాయట. అందుకని రేవులో తాడు కట్టారు. ఓడవాళ్లు సరుకు తాడు దగ్గర పెట్టి వెనక్కి జరగాలి, అప్పుడు వాళ్లొచ్చి తీసుకుంటారు.

"మడుసుల్ని సూసి బెదిరిపోతన్నారు, ఆళ్లేం మడుసులే!" అని మా కంచరపాలెమంతా చెప్పి నవ్వించేవాడు.

మనవాళ్లు బెదరరు మరి! మా అమ్మాయికి నెలలు నిండకుండా పుట్టిన పిల్లను ఇంటికి తెచ్చాం. దగ్గేవాళ్లను గుమ్మం తొక్కనివ్వద్దు, అంటుకుంటే పిల్ల తట్టుకోలేదు అని డాక్టరమ్మ మరీ మరీ చెప్పింది. మర్నాడే మా ఆయన అక్క ఖళ్లుఖళ్లుమంటూ బత్తాయిల సంచితో దిగింది. తగ్గాక రమ్మన్నాను.

"ఇది దగ్గేటే? సలవ సేసిందంతే" అంటూ పిల్ల బుగ్గ పుణకబోయింది.

మాస్కు ఇస్తే సంచిలో పడేసింది. ముక్కు చీదిన చేత్తో పసిదాన్ని ఎత్తుకోవడమే వీళ్లకు పెద్దరికం. పిల్లను లాక్కుని గదిలోకి పోయి గడియ పెట్టాను. ఆవిడ సందంతా వినపడేలా తిట్టి వెళ్లింది.

డాక్టరు మాటే చెవికెక్కని వాళ్లకు నా మాటేం ఎక్కుతుంది? తెల్లారగానే వేపమండలు తెచ్చి, పసుపునీళ్లు చల్లి గుమ్మానికి కట్టాను. ఇంట్లో ఎవరికో అమ్మవారు పోసిందనుకుని ఇక చుట్టం రాడు. అబద్ధమే. పిల్లలను కాచే తల్లి ఆ మాత్రం క్షమించదా? వదిన మళ్లీ వచ్చింది, వేపమండ చూసింది, చెంపలేసుకుని వీధిలోంచే దండం పెట్టి వెళ్లిపోయింది. నిన్న నన్ను తిట్టిన నోరే! నాకు నవ్వొచ్చింది, ఒళ్లూ మండింది.

వారానికి ఆయన ఓడ దిగి వచ్చాడు. చేతిలో బొమ్మ.

"ఏటే ఇది, ఎవలికి పోసిందే?" అంటూనే దగ్గాడు.

"ఎవలికీ నేదు. నువ్వు మీ అక్క ఇంటికి ఎల్లు. ఇద్దరూ కలిసి దగ్గుకోండి. తగ్గినాక రా."

"నా మనవరాలే!" అన్నాడు.

అయినా గుమ్మానికి అడ్డంగానే నిలబడ్డాను. అమ్మాయి పిల్లను కిటికీ దగ్గరికి తెచ్చి చూపించింది. ఆయన చాలాసేపు అలాగే చూశాడు. తర్వాత బొమ్మను అరుగు మీద పెట్టి, నేను చెప్పకుండానే వెనక్కి జరిగాడు.