ట్యాంకులో ప్రార్థన నూనె

మా ఆయన వదిలి వెళ్లిన పాత మోటారు సైకిలుని ఇవాళ అల్లుడు పెరట్లో విప్పాడు. ఆ పెట్రోలు వాసనకి మా నాన్న గుర్తొచ్చారు.

నా ఏడో ఏట నాన్న ఇలాగే బండి ముందు కూర్చుని, "ఇంజను పట్టేసిందే. ఇయ్యాల వదిలించకపోతే రేపు నన్ను డ్యూటీలోంచి తీసేత్తారు" అన్నారు అమ్మతో.

"నా దగ్గర ఎప్పుడైనా ఇంతసేపు కూచున్నారా అండీ" అంది అమ్మ.

పట్టిందంటే దెయ్యమే అనుకున్నాను నేను. సాయంత్రానికి బండి స్టార్టయింది. వదిలిన దెయ్యం మళ్లీ రాకూడదని, పాస్టరుగారు ప్రార్థన చేసి ఇచ్చిన కొబ్బరినూనె సీసా మొత్తం పెట్రోలు ట్యాంకులో పోసేశాను.

పొద్దున్న బండి కదల్లేదు. నాన్న ఉద్యోగం పోయింది.

"బిగించడం నాకే చేతకాలేదు" అని ఆయన బండి విప్పే పానాలన్నీ ఎవరికో ఇచ్చేశారు. తప్పు ఆయన చేతిది కాదని, ఆయన పోయేదాకా నేను చెప్పలేదు.