ఎవరూ వినని మాటకు నక్షత్రం

నిఘంటువు ఆఫీసులో అందరూ ఆమెను చెట్లక్క అనేవారు. టైపు కొట్టడానికి వచ్చి, చెట్ల పేర్ల పిచ్చి పట్టి, ఇరవై ఆరేళ్లుగా అక్కడే పాతుకుపోయిన మనిషి. పెద్ద చదువు లేదు. మొండితనం మాత్రం దండిగా ఉంది.

అక్కడ ఒక్కో మాట పుట్టుపూర్వోత్తరాలు ఒక్కో కార్డు మీద రాస్తారు; చెట్ల కార్డులన్నీ ఆమెవే. వాటిలోనూ ఆమె ప్రాణమంతా భూర్జవృక్షం కార్డు మీదే. సంస్కృతంలో భూర్జ, రష్యన్‌లో బెర్యోజ, లిథువేనియన్‌లో బెర్జస్, ఇంగ్లీషులో బర్చ్. అన్నీ తెల్లని బెరడున్న ఆ చెట్టు పేర్లే. లాటిన్‌వాళ్ల ఫ్రాక్సినస్ కూడా వీటి తోబుట్టువే గానీ, అది వేరే చెట్టు.

"కొత్త చోటికి పోయినవాళ్లకి పాత చెట్టు కనబడలేదు. పేరు పారేసుకోలేక పక్క చెట్టుకి తగిలించారు, పాపం" అనేది చెట్లక్క, సొంత చుట్టాల సంగతి చెప్పినట్టు.

వీటన్నిటికీ తల్లి అనుకునే మాట 'భెర్గ్'. దాని ముందు ఆమె ఒక నక్షత్రం గుర్తు పెట్టేది. ఆ మాట ఏ రాతలోనూ దొరకలేదు, పిల్లల పోలికలు చూసి తల్లి ముఖం ఊహించాం అని దానర్థం.

కొత్త డైరెక్టరుగారికి ఆ నక్షత్రాలు కంట్లో నలుసయ్యాయి. ఆఖరి ప్రూఫులో, చెట్ల పేజీల్లో ఉన్న రెండు వందల పద్నాలుగూ తీయించేశారు. కానీ ఆఫీసు ఆనవాయితీ ఒకటుంది. కార్డు రాసినవాళ్ల సంతకం పడందే ఆ పేజీలను ప్రెస్సువాళ్లు ముట్టుకోరు. అందుకని ఆయన చెట్లక్కను పిలిచి, ముందు మొదటి పేజీ చూపించారు.

సంపాదకుల వరసలో ఆమె పేరు! ఇన్నేళ్లూ ఏ పుస్తకంలోనూ టైపిస్టుగానైనా పడని పేరు. వేస్తారన్న మాట నెల క్రితమే చెవిన పడింది. బస్సు డ్రైవరైన ఆమె భర్త అప్పుడే డిపో అంతా టముకు వేసేశాడు. చెట్లక్క ఆ పేరును వేలితో తడిమి, మురిసిపోయి, తర్వాత పేజీలు తిప్పింది.

"నక్షత్రాలేమైనాయి సార్?"

"అవి ఉంటే మనకే తెలీదన్నట్టుంటుందమ్మా. నిఘంటువన్నాక గట్టిగా చెప్పాలి."

"తెలీదు కాబట్టేగా పెట్టాం! ఎవరూ వినని మాటని ఉందని ఎలా చెప్తాం? మీరు విన్నారా?"

"ఎవరు చూడొచ్చారమ్మా?" అన్నారాయన నవ్వుతూ.

"నేను చూశానుగా! నేను సంతకం పెట్టను."

ఆయన నవ్వు ఆగిపోయింది. "సరే, పెట్టుకోండి మీ నక్షత్రాలు. కానీ చెప్పిన మాట విననివాళ్లకి సంపాదకుల వరసలో చోటుండదు. ఆలోచించుకోండి."

ఆమెకు ఏడుపు తన్నుకొచ్చింది. ఈయన ముందు ఏడిస్తే నా అంత దద్దమ్మ ఉండదనుకుని పళ్లు బిగబట్టింది. రేపు డిపోలో భర్త ఎలా తలెత్తుకుంటాడో అనుకుంది.

ఎర్ర పెన్ను తీసింది. మొదటి పేజీలో తన పేరు మీద తానే గీత కొట్టింది. ఒకటి కాదు, రెండు.

"నాలుగింటికి ప్రెస్సువాళ్లొస్తారు సార్" అంది, కుర్చీ లాక్కుని కూర్చుంటూ. "రెండొందల పద్నాలుగు పెట్టాలి. ఆ మిగతా పేజీలు కాస్త ఇటివ్వండి."