తెలిసింది కాదు, తగిలింది చెప్పు

సిస్టరమ్మ పోయిందని ఆమె అక్క బిడ్డ పొద్దున ఆరున్నరకు ఫోన్ చేసి చెప్పింది. "చిన్నమ్మ పోయింది సార్. గ్రౌండ్‌కు వచ్చేటోళ్ళకు మీరే చెప్పాలె" అంది. అప్పటికి నేను హన్మకొండలో మేం రోజూ కలిసే గ్రౌండ్‌లోనే చెప్పులు విడిచి నిలబడి ఉన్నాను. పక్కనున్న పదిమందికి చెప్పాను. ఎవరూ వెంటనే ఏడవలేదు. ఆమె నేర్పిన కదలికల వరస సగంలో ఉంది. దాన్ని పూర్తి చేసి, చేతులు పొట్ట మీద ఆనించుకుని కాసేపు నిలబడి, అప్పుడు ఆమె ఇంటికి బయల్దేరాం. సగంలో వదిలేసి వెళ్ళి ఉంటే లేచి కూర్చుని తిట్టేది.

మధ్యాహ్నం పాడెకు భుజం పట్టిన నలుగురిలో నేనొకణ్ణి. ముందు నిప్పుకుండ పట్టుకుని అక్క బిడ్డ నడిచింది. ఆడపిల్ల పట్టుకోవడమేమిటని పెద్దవాళ్ళు గొణిగారు. ఆ అమ్మాయి వినిపించుకోలేదు. దారిలో వెనకనుంచి ఒకాయన అన్న మాట మాత్రం నాకు స్పష్టంగా వినబడింది. "రోజు పొద్దుగాల చేతులు ఊపుకుంట నిలవడేది గదా, ఏం ఫాయిదా అయింది? పోనే పాయె." పక్కాయన నవ్వాడు.

పాడె మోసేవాడు వెనక్కి తిరగకూడదు. అందుకని ఆ రోజు ఊరుకున్నాను. ఆయనకు ఇవ్వాల్సిన జవాబు ఇప్పుడు మీ అందరి ముందు ఇస్తున్నాను.

సిస్టరమ్మ సర్కారు దవాఖానలో ఎముకల వార్డు నర్సుగా ముప్పై ఏళ్ళకు పైగా పనిచేసింది. రిటైరై ఎన్నేళ్ళయినా మా గల్లీకి సిస్టరమ్మే. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని ఎవరైనా అడిగితే "డ్యూటీలు పడ్డయి, యాది మరిచిన" అని నవ్వేది. చేతి గడియారాన్ని మణికట్టు లోపలి వైపుకు తిప్పి పెట్టుకునేది. పలకరింపుగా మన చెయ్యి పట్టుకుంటే ఆమె వేళ్ళు వాటంతట అవే నాడి మీదికి పోయేవి. ఉద్యోగం చేసే రోజుల్లో, డ్యూటీ దిగాక, ఊళ్ళో ఆక్యుపంక్చర్ సూదుల వైద్యం చేసే ఒక డాక్టరు దగ్గర సాయానికి వెళ్ళేదట. ఆయన దగ్గరే చీగాంగ్ నేర్చుకుంది. అది చైనావాళ్ళ పాత అభ్యాసం. నెమ్మదిగా కదలడం, కదలకుండా నిలబడటం, ఊపిరిని కనిపెట్టుకుని ఉండటం. దూరం నుంచి చూసేవాళ్ళకు కనిపించేది అంతే.

ఇక నా సంగతి. నేను ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెబుతాను. నాలుగేళ్ళ కింద ఒక సాయంత్రం నర్సంపేట నుంచి తమ్ముడితో కలిసి బండి మీద వస్తున్నాను. బండి నేనే నడుపుతున్నాను. మసక వెలుతురులో, లైట్లు లేకుండా రోడ్డు మీద ఆగి ఉన్న పత్తి ట్రాక్టరు కనిపించేసరికే దానికి దగ్గరగా వచ్చేశాం. నా ఎడమకాలు తొడ దగ్గర విరిగింది. వెనక కూర్చున్న తమ్ముడు దక్కలేదు.

ఎముక అతుక్కుంది. డాక్టరు ఎక్స్‌రే చూపించి ఇక కర్ర పారెయ్యొచ్చన్నాడు. కర్ర లేకుండా నాకు ఒక్క అడుగు పడేది కాదు. ఎడమకాలి మీద బరువు వెయ్యబోతే ఒళ్ళంతా బిగుసుకుపోయేది. తమ్ముణ్ణి సాగనంపేటప్పుడు నేను ఆస్పత్రి మంచం మీద ఉన్నాను. ఇంటికి వచ్చాక కూడా ఏడుపు రాలేదు. దాని బదులు లెక్కలు వచ్చేవి. బండి వేగం ఎంత, ట్రాక్టరు ఎంత దూరంలో కనబడింది, అర సెకను ముందు బ్రేకు వేసి ఉంటే ఎక్కడ ఆగేవాణ్ణి. నోటుబుక్కుల వెనక పేజీల నిండా అవే. మా ఆవిడ ఒకటి దాచేస్తే నేను ఇంకొకటి తీసేవాణ్ణి.

రెండేళ్ళు చూసి, చివరికి ఆమే వెళ్ళి సిస్టరమ్మను పిలుచుకొచ్చింది. సిస్టరమ్మ ఎక్స్‌రేని కిటికీ వెలుతురుకు పట్టి చూసింది. నన్ను నిలబడమని కాసేపు నా పాదాల వంకే చూసింది.

"సార్, మీరు కాలు గురించి ఆలోచిస్తాన్రు. కాలు మీద నిలవడతలేరు" అంది. "రేపు పొద్దుగాల గ్రౌండ్‌కు రాండ్రి. కర్ర తెచ్చుకుంటె తెచ్చుకోండ్రి, ఫికర్ లేదు. నోట్‌బుక్ మాత్రం తేవద్దు."

మొదటి రోజు చెప్పులు విప్పించింది. చలికాలం, నేల తడిగా ఉంది. పాదాలు భుజాలంత ఎడంగా, మోకాళ్ళు కొంచెం వదులుగా, చేతులు పెద్ద నీళ్ళ కాగును కావలించుకున్నట్టు గుండ్రంగా. నేను ప్రశ్నలు మొదలుపెట్టాను. ఏ కాలి మీద ఎంత బరువుండాలి? మోకాలు ఎంత వంచాలి? 'చీ' అంటే శక్తి అంటున్నారు కదా, దాన్ని దేనితో కొలుస్తారు?

అన్నీ విని, "మీ మడిమె కింద ఏమున్నది?" అని అడిగింది.

"నేల."

"అది తెలిసింది. తెలిసింది కాదు, తగిలింది చెప్పు సార్."

"మట్టి ఉంటుంది."

"ఉంటది అంటాన్రంటె, అది గూడ తెలిసిందే."

పదిహేను రోజులు రోజూ అదే ప్రశ్న. నేను ప్రతి రోజూ ఇంకొంచెం తెలివైన జవాబు తయారుచేసుకుని వెళ్ళేవాణ్ణి. ఆమె తల అడ్డంగా ఊపి పక్కవాళ్ళ దగ్గరికి పోయేది. ఒక రోజు విసుగొచ్చి, "ఏం లేదు సిస్టరమ్మా, చల్లగా ఉంది, ఒక గులకరాయి గుచ్చుకుంటోంది, అంతే" అన్నాను.

"ఆఁ!" అంది వెనక్కి తిరిగి. "ఇగ దాన్ని ఇడువకుండ్రి."

ఆమె మెత్తని మనిషని మీరు అనుకుంటే పొరపాటు. గ్రౌండ్ చుట్టూ వాకింగ్ చేసేవాళ్ళు మమ్మల్ని చూసి "వీళ్ళకు బ్యాటరీ అయిపోయింది" అని నవ్వేవాళ్ళు. ఒకాయన పనిగట్టుకుని వచ్చి, చైనావాళ్ళది మనకెందుకని నిలదీశాడు. సిస్టరమ్మ తొణకలేదు. "పొద్దుగాల చాయ్ తాగినవా అన్నా?" అని అడిగింది. తాగానన్నాడు. "అది గూడ ఆ చైనాకెల్లి వచ్చిందే. ముందుగాల అది బంద్ చేసి రా, తర్వాత మాట్లాడుదాం." ఆయన మళ్ళీ రాలేదు.

ఇంకోసారి మాలో ఒకాయనే ఉత్సాహపడి, షుగరు, బీపీ, కీళ్ళనొప్పులు మాయమవుతాయని పెద్ద ఫ్లెక్సీ కొట్టించి తెచ్చాడు. దాని మీద ఆమె ఫొటో కూడా ఉంది. సిస్టరమ్మ దాన్ని నాలుగు మడతలు పెట్టి, గేటు దగ్గర ఉల్లిగడ్డలమ్మే ఆమెకు కింద పరుచుకోమని ఇచ్చేసింది. తిరిగొచ్చి మా అందరితో అంది: "మందు గోళీలు బంద్ చేసినోళ్ళు నా దగ్గరికి రావద్దు. నేను నర్సును. అబద్ధం చెప్పి ఎవలను చంపుకోను." ఫ్లెక్సీ తెచ్చినాయన మొహం చిన్నబోయింది. మరునాడు ఆమే ఆయన పక్కన నిలబడి, అంతసేపూ ఆయన చేతుల్నే సరిచేసింది.

మేడారం జాతరలో మెడికల్ క్యాంపు డ్యూటీలు ఆమె చాలాసార్లు చేసింది. నిలబడటం చేతనైంది అక్కడేనని చెప్పేది. "మంది వచ్చి మీద పడ్డప్పుడు ఎటు పోవాలె అని ఆలోచించినవనుకో, అప్పటికే కింద పడ్డవు. నేను రెండుసార్లు పడ్డ. మూడోసారి మోకాళ్ళు వదులు చేసి, పాదాలల్లకు దిగిన. మంది నా పక్కలకెల్లి పోయిండ్రు." ఈ మాట చెప్పేటప్పుడు కూడా ఆమె మోకాళ్ళు కొంచెం వంగేవి.

నేను కర్ర వదిలేసిన రోజు గురించి చెప్పాలి. గులకరాయి తర్వాత నెమ్మదిగా మరికొన్ని తగలడం మొదలయ్యాయి. అరచేతుల మధ్య గోరువెచ్చదనం. వెన్ను కింద ఎక్కడో ముడి. లెక్కలు ఆగలేదు కానీ, పక్క గదిలో రేడియోలా దూరం జరిగాయి. రెండు నెలలయ్యాక ఒక ఉదయం, ఎడమకాలు వణకడం మొదలుపెట్టింది. బరువు దాని మీదికి దిగుతోంది. ఆ వణుకు తొడలోకి, కడుపులోకి ఎక్కింది. ఉన్నట్టుండి నా వీపు మీద తమ్ముడి బరువు తగిలింది. ఆ సాయంత్రం చలిగాలికి వాడు నా వీపుకు ఆనుకుని కూర్చున్నాడు. రెండేళ్ళపాటు నేను వేసిన ఏ లెక్కలోనూ అది లేదు. వాడి గడ్డం నా కుడి భుజానికి తగులుతూ ఉండేది. అది ఇప్పుడు, ఆ గ్రౌండ్‌లో, వెచ్చగా తగిలింది.

అందరి ముందూ వలవలా ఏడ్చాను. వాకింగ్ చేసేవాళ్ళు ఆగి చూశారు. చేతులు దించి మొహం కప్పుకోబోయాను. సిస్టరమ్మ నా వెనక్కి వచ్చి, నా రెండు మోచేతుల కింద చేతులు పెట్టింది.

"ఏడువు తమ్మీ. ఎవలు చూసినా సరే. చేతులు మాత్రం దించకు" అంది.

అంతవరకు నన్ను సార్ అనే పిలిచేది. ఆ రోజు నుంచి తమ్మీ అనే పిలిచింది. ఆ పూట కర్ర చేత్తో పట్టుకోకుండానే ఇంటికి నడిచాను.

కిందటేడు ఆమె కడుపులో గడ్డ బయటపడింది. మాకు దాచలేదు. చీగాంగ్ అయ్యాక అందర్నీ కూర్చోబెట్టి, ఏ గడ్డో, ఎక్కడుందో, తను ఇంకెంతకాలం బతుకుతుందో వార్డులో డ్యూటీ అప్పగించినట్టు చెప్పింది. మందులు వేసుకుంది, రేడియేషన్ కరెంటు పెట్టించుకుంది, జుట్టు ఊడితే తలకు తువ్వాల చుట్టుకుని వచ్చింది. నిలబడలేనప్పుడు ప్లాస్టిక్ కుర్చీ తెచ్చుకుని కూర్చుని చేసింది. పాపం అన్నవాళ్ళను దగ్గరికి రానివ్వలేదు. "పాపం నాకెందుకు, పక్కన నిలవడు" అనేది.

చివరి వారంలో చూడబోయాను. మంచం కిటికీ పక్కకు జరిపించుకుంది. నొప్పి ఎట్లా ఉందని అడిగాను.

"బాగున్నది నొప్పి. గట్టిగ తగుల్తాంది" అంది. ఊపిరి తీసుకుని మళ్ళీ అంది. "కానీ తమ్మీ, అదొక్కటే ఉన్నదా? కిటికీలకెల్లి గాలి తగుల్తాంది. దుప్పటి గరుకు తగుల్తాంది. నా బిడ్డ చెయ్యి ఈడ ఉన్నది." అక్క బిడ్డ ఆమె పాదాలు ఒత్తుతోంది. "అన్ని జాగలు దానికే రాసియ్యను నేను."

ఇదీ నా జవాబు. ఏం ఫాయిదా అయిందని అడిగిన పెద్దమనిషీ, ఆమె చావు తప్పించుకోవడానికి ఆ గ్రౌండ్‌లో నిలబడలేదు. అట్లాంటి మాట మాకెవరికీ ఇవ్వలేదు. మీ ముందునుంచే పాడె మోసుకుంటూ వెళ్ళినవాడు ఒకప్పుడు కర్ర లేకుండా గుమ్మం దాటలేని మనిషి. మీకది తెలియదు. ఆమె బరువు నా ఎడమకాలి మీదినుంచి నేలలోకి దిగడం శ్మశానం దాకా అడుగడుగునా నాకు తగిలింది. పుస్తకంలో చదివితే అది దొరికేది కాదు.

ఆమె మంచాన పడ్డప్పటి నుంచే వాకర్ల సంఘం ప్రెసిడెంటు మేం నిలబడే చోట సిమెంటు బెంచీలు వేయిస్తానంటున్నాడు. ఆమె పోయిన అయిదో రోజు పొద్దున వచ్చాడు. "ఇగ సిస్టరమ్మ లేదాయె. మీ బ్యాచ్ బందే గద? బెంచీలు వస్తానయి, జర జాగ ఖాళీ చెయ్యుండ్రి" అన్నాడు.

మా ముందు నిలబడి చేయించే మనిషి లేదు. నేను వాదించడానికి కాగితం మీద పాయింట్లు రాసుకుని వెళ్ళాను కూడా. జేబులోంచి తీయబోతుంటే గేటు లోంచి అక్క బిడ్డ వచ్చింది. ఇన్నేళ్ళలో ఒక్కసారీ రాలేదు ఆమె. ఇంకా మైల ఉండగా బయటికి రావద్దని ఇంట్లోవాళ్ళు అనే ఉంటారు. ఎవరితోనూ మాట్లాడకుండా చెప్పులు విడిచి, ప్రెసిడెంటు పక్కనుంచి నడిచొచ్చి, సరిగ్గా మా మధ్యన నిలబడింది. చేతులు ఎంత ఎత్తాలో తెలియక పక్కామె వంక చూసింది. పక్కామె ఎత్తింది. ఆమె ఎత్తింది. మేమందరం ఎత్తాం.

బెంచీల ట్రాలీ గేటు దాటి మా ముందుకొచ్చి ఆగింది. డ్రైవరు ఒకసారి హారన్ కొట్టాడు. ప్రెసిడెంటు ఏదో అన్నాడు. ఎవరి చేతులూ దిగలేదు. కాసేపటికి డ్రైవరు ఇంజను ఆపేసి, కిందికి దిగి, టైరు పక్కన గొంతుక్కూర్చుని బీడీ ముట్టించాడు. ఎండ అప్పుడే గోడ దాటి గ్రౌండ్‌లోకి వస్తోంది. మా పన్నెండు మందిలో ఒకరి తర్వాత ఒకరి చేతుల మీదికి ఎక్కుతోంది.